ఇరవై గ్రాములు

రాత్రంతా పాలిషింగు మిషను కింద
నల్లరాయి మొహం కడిగి కడిగి
ఆరింటికి చీమకుర్తిలో మా ఇంటి మెట్టెక్కాను.
కనుబొమల మీద దుమ్ము అట్టా ఉండగానే
పొయ్యి దగ్గరికి పోయాను.

వాళ్ళమ్మ అయిదింటికే
పొగాకు గ్రేడింగుకని టంగుటూరు వ్యానెక్కింది.
పోతా పోతా ఫోనులో ఒక్క మాట:
"పెసలు నానెయ్యడం మరిచా. నీ తిప్పలు నువ్వు పడు."

తలుపు వెనక క్యాలెండరు మేకుకి
కోచ్ సారు రాసిచ్చిన చీటీ.
పొద్దున, ప్రోటీను, ఇరవై గ్రాములు.
ఎనిమిది వందల మీటర్ల పిల్ల.
ఇయ్యాల ఒంగోలు స్టేడియంలో సెలక్షన్లు.
ఆరూ నలభైకి బస్సు.

క్వారీ గుంటలోంచి పైకొచ్చే దిమ్మెను
లారీ షెడ్డు కాడ నిలబడి చూసి
ఇది పద్దెనిమిది టన్నులు, అది ఇరవై రెండు
అని చెప్పేస్తా నేను.
కాటాకెక్కిస్తే ఒక క్వింటా అటో ఇటో.
ఇరవై గ్రాములంటే మాత్రం
చెయ్యి ఆడలా.

"గుడ్డుకి ఆరు నాన్నా!"
నోట్లో బ్రష్షుతో దొడ్లోంచి అరిచింది వెంగమ.
"రెండు కొట్టు. మిగతాది శెనగపిండి, రెండు గుప్పెళ్ళు."
ఎవరి గుప్పెడని అడిగాను.
నాది, అంది. నీది వేస్తే
నేను పరిగెత్తను, దొర్లుతా.

నలిపిన వాము, దంచిన అల్లం,
రెండు పచ్చిమిరపకాయలు,
నిన్నటి మజ్జిగ, పులుపు తిరిగింది.
పిండి ఉండలు కట్టింది.
వేళ్ళు పెట్టి చిదిమాను.
రేషను షాపు మిషను మీద
ఎన్నిసార్లు నొక్కినా పడని వేళ్ళివి,
గీతలన్నీ రాయి తినేసింది.
ఉండలు మాత్రం ఒక్కటి తప్పించుకోలా.

మొదటి అట్టు పెనానిది.
వదల్లా. గీకితే ముక్కలు.
గోడ గడియారం ఆరూ ఇరవై రెండు.

సగం ఉల్లిపాయ నూనెలో ముంచి
పెనాన్ని రుద్దాను, మధ్య నించి అంచుకి,
అంచు నించి మధ్యకి.
ఇది నాకొచ్చిన పనే.
ముందు గరుకు, తర్వాత మెరుపు.
గరిటె జారి పిండి నాలుగు చుక్కలు చింది
నల్ల పెనం మీద బంగారు రవ్వలై నిలిచాయి.
ఓరి, గెలాక్సీ!
ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయే రాయి
మా ఇంట్లో గ్యాసు మీద.

దిమ్మెను బోర్లించాలంటే
క్రేను, ఇనప తాళ్ళు, ఆరుగురు మనుషులు,
మేస్త్రీ ఈల.
దీనికి నేనూ, వంగిపోయిన అట్లకాడా.
ఊపిరి బిగబట్టి తిప్పాను.
ఈల నేనే వేశాను.

ఒక కాలికి బూటు, ఒక కాలు ఉత్తది,
గోడకి ఆనుకుని నిలబడి తినింది.
ఒకటి. రెండు.
"ఉప్పెక్కువయింది."
"చెమటలో పోద్దిలే."
మూడోది న్యూస్ పేపర్లో చుట్టి
సంచిలో దూర్చి
రెండో లేసు కట్టుకోకుండానే ఉరికింది.
బస్సు హారను, ఆపు ఆపని దాని కేక.
తర్వాత వీధి ఖాళీ.

పెనం గీకి
మొదటి అట్టు ముక్కలు నేను తిన్నాను.
కింద మసి, పైన పచ్చి,
పంటి కింద కొంచెం రాతి దుమ్ము.
అందులో ఎన్ని గ్రాములో
కోచ్ సారు రాయలేదు.

సాయంత్రం నేను డ్యూటీకి లేచేసరికి
బూట్లు గుమ్మం పక్కన ఉన్నాయి.
ఎర్రమట్టి ఇంకా ఆరలా.
"అయిదో దాన్ని," అంది.
"నలుగుర్నే తీసుకున్నారు."
నేనేమీ అనలేదు.
చొక్కా గుండీలు పెట్టుకుంటా ఉంటే
వాళ్ళమ్మ పెసల డబ్బా దించింది.

"వద్దులేమ్మా," అంది వెంగమ,
మోకాలి మీద ఐసు ముక్క తిప్పుకుంటా.
నా వైపు తిరక్కుండానే:
"రేపు ఉప్పు తగ్గించు."