మైకు ముందు

పంతొమ్మిదేళ్ళుగా ఈ ఊరి గొంతు నాది.
అకితా తీరంలో, సముద్రానికి చెవి ఆనించి పడుకున్న ఊరు.
చెత్త బండి వచ్చే రోజు, మంచు తవ్వే గంట,
దారి తప్పిన ముసలివాళ్ళ చొక్కా రంగు,
నలభై మూడు స్తంభాలెక్కి నేనే చెబుతాను.
పుట్టగొడుగుల కొండ మీద ఎలుగుబంటి కనిపిస్తే
దాన్ని కూడా
“పిల్లతో ఉంది, కాస్త ఎడంగా నడవండి” అంటాం.

ఆ నవంబరు ఉదయం
ఫ్యాక్సులోంచి వచ్చిన కాగితం ఇంకా వెచ్చగా ఉంది.
రాజధాని నుంచి జిల్లాకి, జిల్లా నుంచి నాకు,
దిగుతూ దిగుతూ మాట బరువెక్కింది.
తెల్లారుజామున కనెజిరో తాత ఫోనులో అన్నది ఇంతే:
“చిగుసా, రేవు అవతలికి ఒక పడవ కొట్టుకొచ్చింది.”
కాగితంలో పడవ లేదు. “అనుమానాస్పద నౌక.”
కొట్టుకురావడం లేదు. “చొరబాటు.”
మనుషులు మొదటి పేరాలో “వ్యక్తులు”గా బయల్దేరి
మూడో పేరాకి “శక్తులు” అయ్యారు.

చదివాను. చదవడమే నా ఉద్యోగం.
మాటకీ మాటకీ నడుమ రెండు సెకన్లు ఆగాలి,
కొండకు తగిలి తిరిగొచ్చే మాట
తరువాతి మాటను మింగకుండా.

పదింటికల్లా బడి మూశారు.
ఇనుప సామాన్ల కొట్లో తాళాలు అయిపోయాయి.
పక్కింటి మిత్సుయొ, పీత అడ్డొస్తే పక్కకి తప్పుకునే మనిషి,
గునపం గుమ్మానికి చేరేసుకుని కూర్చుంది.
టీవీలో ఒకాయన మ్యాపు మీద బాణాలు గీశాడు,
ఎర్రవి, లావువి, అన్నీ మా వైపే.
చలికాలం గాలి కూడా ఆ దారినే వస్తుందని
ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నాకు భయం వేయలేదని అనను.
ఒక ఏడు మా కప్పుల మీదుగా నిజంగానే ఒకటి ఎగిరిపోయింది.
ఈ తీరం వెంబడి
సాయంత్రం నడకకు వెళ్ళినవాళ్ళ కోసం
ఇంకా దీపం ఆర్పని ఇళ్ళున్నాయి.
పాములు లేని ఊరు కాదు మాది.
అందుకే ఇక్కడ
తాడుని పామనడం అంత తేలిక.

మధ్యాహ్నం వెళ్ళి చూశాను.
తారు పూసిన చెక్క. పొడవు మా ఆఫీసు గదంత.
తుప్పు పట్టిన స్క్విడ్ గాలాలు.
ప్లాస్టిక్ సీసాలో మొక్కజొన్న పిండి, గడ్డకట్టి.
ఒకే ఒక బూటు, లోపల గడ్డి కూరి.
ముగ్గురు.
నడుముకీ నడుముకీ తాడు కట్టుకుని ఉన్నారు,
ఏ అలా ఏ ఒక్కణ్ణీ విడిగా తీసుకుపోకుండా.
పోలీసు కుర్రాడు కత్తి తీశాడు.
“కోయకు, విప్పుతాను” అన్నాడు కనెజిరో తాత.
ఆ ముడిని చాలాసేపు చూశాడు.
“మా నాన్న వేసే ముడి ఇది.”
చలికి అతని వేళ్ళు మాట వినలేదు. మేం ఆగాం.

సాయంత్రం ఇంకో కాగితం: “ముప్పు తొలగింది.”

అయిదు గంటల పాట అయిపోయాక మైకు నొక్కాను.
చేతిలో కాగితం లేదు.
తప్పిపోయినవాళ్ళ కోసం చదివే వరసలోనే చదివాను:
“ఒకరికి యాభై దాటి ఉండవచ్చు. ఎడమ చూపుడువేలు సగమే.
ఒకరిది నీలం ఉన్ని చొక్కా, మోచేతి దగ్గర ఎర్రదారంతో కుట్టు.
ఒకరికి మీసం ఇంకా రాలేదు.
ఇంటి దగ్గర వీళ్ళ కోసం చూస్తూ ఉంటారు.
ఎరిగినవాళ్ళు తెలియజేయగలరు.”
రెండు సెకన్లు.
కొండ దాన్ని కూడా తిరిగి చెప్పింది.

క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టాను.
కారణం అన్న గడిలో పై అధికారి ముందే రాసి ఉంచాడు:
“నిర్దేశిత పదజాలం నుంచి విచలనం.”
మిత్సుయొ గునపం లోపల పెట్టింది.
తాళం మాత్రం ఇంకా వేస్తోంది.
తాత ఆ తాడు చుట్ట చుట్టి ఇంటికి పట్టుకుపోయాడు,
ఎవర్నీ అడగలేదు.

ఈ ఉదయం మళ్ళీ ఫ్యాక్సు గరగరమంది.
లేచి, కాగితం కంటే ముందు
కిటికీ తెరిచాను.