పిలక

పాత డిస్కు మూడ్రోజులుగా
గోడ మీద బల్లిలా టిక్కు టిక్కుమంటోంది.
రెడ్డిగారు ఫ్యానన్నారు.
ఫ్యాను ఆపి వినిపించాను.
అప్పుడు మండపేట నుంచి మీరావలిని పిలవమన్నారు.

జొన్నాడ వంతెన దాటి వచ్చేసరికి
కాటా మీద అరటి గెలల లారీ, వెనక ఇంకో రెండు.
హెల్మెట్ తీయకుండానే అడిగాడు:
"ఏం దాచాలండీ? ఫైళ్లా, మిషనా?"

ఫైళ్లయితే పది నిమిషాలు.
పదకొండేళ్ల తూకాలు, లారీ నంబర్లు,
ఏ బండి ఖాళీ బరువెంతో,
అన్నీ పెన్ డ్రైవులో పోసేస్తాడు.
కానీ వాటిని చదివే ప్రోగ్రాం రాసిన
తణుకు కుర్రాడి ఫోను ఎప్పుడో మూగబోయింది.
సీడీని మొన్నటి వరద ఒండ్రు మింగింది.
చదివే దిక్కులేని చిట్టా
ఎంత లావుంటే ఏం లాభం?

ఇమేజి అయితే
మిషనంతా ఒక్క మూట కట్టి పెద్ద డిస్కులో పడేస్తాడట.
సోమవారం మూట, మంగళవారం మూట.
ఇవాళ్టిది చెడితే నిన్నటిది విప్పుకోవచ్చు.
"విప్పాలంటే?"
"కొత్త డిస్కు కావాలి. లేపడానికి వేరే పెన్ డ్రైవు కావాలి.
నేను కావాలి."
నువ్వు ఏ పెళ్లికో యానాం వెళ్తే?
నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు.
బయట డ్రైవరు హారన్ కొట్టాడు.

మూడోది క్లోన్.
ఉన్నదున్నట్టు, దీని పక్కన ఇంకోటి.
ఇది పోయిన రోజు
కేబులు మార్చి బటన్ నొక్కడమే.

లంకలో మా మావయ్య అరటిచేను గుర్తొచ్చింది నాకు.
గెల కొట్టి తెస్తే మగ్గుతుంది, తింటాం, అయిపోతుంది.
గెలలోంచి ఏ చెట్టూ రాదు.
దుంప పక్కన సూదిమొన ఆకుతో లేచిన పిలకనే
గునపంతో పెళ్లగించి ఇంకో గోతిలో పెట్టేవాడు.
అది తల్లి లాంటిది కాదు. తల్లే.
అందుకే తవ్వేముందు
తల్లి మొవ్వు వంచి చూసేవాడు.
వెర్రితల తెగులు పిలకతోపాటే నడిచొస్తుంది.

"మరి తెగులుంటే?" అన్నాను.
మీరావలి బిత్తరపోయాడు. చెప్పాను.
"ఆయ్, అదీ వచ్చేస్తుందండి" అన్నాడు,
"ముందు మొవ్వు చూద్దాం."

నలభై చోట్ల పుచ్చింది డిస్కు.
అన్నీ ఖాళీ జాగాలే.
ఈ రాత్రికి పిలక పెడదాం,
మూటలు ఆదివారం నుంచి కట్టుకుందాం అన్నాను.
డబ్బులు ఎవరివో వాళ్ల మొహం చూశాం ఇద్దరం.
రెడ్డిగారు చుట్ట వైపు చూసుకున్నారు.

తొమ్మిదింటికి లారీలు ఆగాయి.
అరవై మూడు శాతం దగ్గర కరెంటు పోయింది.
ఇన్వర్టరు ఒక్కసారి మూలిగి
పట్టుకుంది.
కాలవ మీంచి దోమలు, కప్పల రొద,
మీరావలి టిఫిన్ డబ్బాలో చల్లారిన పెసరట్టు.

పదకొండు దాటాక
"అయిపోయిందండి" అని సంచీ సర్దాడు.
"పాతది పీకు" అన్నాను.
"రేపు చూద్దురు..."
"ఇప్పుడే పీకు."

నల్లటి తెర.
తెల్లటి గీత కొట్టుకుంటోంది.
డిస్కు దొరకలేదంది.
ఎవరూ మాట్లాడలేదు.
ఏదో మీట నొక్కి వరస మార్చాడు,
కొత్తదాన్ని మొదటికి తెచ్చాడు.
మళ్లీ నలుపు.
ఆ తర్వాత మెల్లగా
అరటి గెల బొమ్మ, దాని కింద మా కాటా పేరు.

అయినా నమ్మకం కుదరలేదు.
ఇద్దరం వెళ్లి కాటా మీద నిలబడ్డాం,
లారీలు నిలబడే చోట, చెప్పులతో సహా.
రెడ్డిగారు కిటికీలోంచి మీట నొక్కారు.
ప్రింటరు కిర్రుమంటూ చీటీ కక్కింది:
నూట ముప్పై కిలోలు.
పది కిలోలకి తక్కువ లెక్క దానికి రాదు.

పైన ఊరి పేరు చూశాను.
రావులపలెం.
పదకొండేళ్లుగా ఎవరూ దిద్దని ఆ దీర్ఘం
ఇందులోనూ లేదు.

హమ్మయ్య అనుకున్నాను,
ఇది మాదే.