తూర్పు హద్దు

టెక్కలి తాలూకాఫీసు గోడవార
రేకు నీడన కూకున్న రైటరు
మోకాలి మీద అట్ట, అట్ట మీద కాయితం పరిసి
"చెప్పమ్మా, ఏటి నీ అభ్యంతరం?" అన్నాడు.

నా పేరు లుకలాపు సిమ్మాలమ్మ.
"సిమ్మాలమ్మ కాదు, సింహాచలమ్మ" అని
నన్ను నా ముందరే సరిదిద్దినాడు.
ఎకరా ముప్పై సెంట్లు జీడి,
అరెకరా ఊడుపు మడి,
ఒక నుయ్యి, రెండు పనసలు.
మొగుడు నేడని నాను సెప్పనేదు,
నా మెడ సూసి అతగాడే రాసుకున్నాడు.

ఆళ్ల పటం ఇప్పి సూపించినాడు.
కొండ సుట్టూ ఎర్ర గీత.
ఉత్తరం: గెడ్డ.
దక్షిణం: గవర్మెంటు బంజరు.
పడమర: రోడ్డు.
తూర్పు: ఇతరుల భూమి.
కోడలిగా ఒచ్చిన కాడ్నించీ, ఏభై రెండేళ్లు,
సాయంత్రం నాలుగయ్యేసరికి
ఆ కొండ నీడ నా కల్లంలోకొచ్చి కూకుంటాది.
ఇప్పుడు దానికి నాను ఇతరులు.

రాయి బాబూ, ఒకటో మాట.
కొండంటే ఏటనుకున్నావు? బోర్లించిన కుండ అది.
ఆషాడంలో తాగిన నీరు
మాఘం దాకా సెమట పట్టినట్టు
సుక్కా సుక్కా నా నూతిలోకి దిగుతాది.
కుండ పగలగొట్టీసి
నీళ్లెక్కడికీ పోవంటే ఎవుడు నమ్ముతాడు?
"భూగర్భ జలాలకు విఘాతం" అని రాసినాడు.
అంతేనా? అన్నాను.
అంతే, అన్నాడు.

రెండో మాట. జీడి పూతొచ్చే కాలం
మంచు పడినా దిగులే మాకు,
మబ్బేసినా దిగులే.
అలాటి పూత మీద రాతిపిండి జల్లితే
తేనెటీగ ఎక్కడని వాల్తాది?
పిలిసి పీటెయ్యని ఇంటికొచ్చినట్టు
గుమ్మం కాడ్నించే మల్లిపోదా?
ఈ మాట రైటరుకి నచ్చింది గాని
"ఈగల సంగతి ఆఫీసోలకి పట్టదమ్మా" అని
"ధూళి కాలుష్యం" రాసి కామా పెట్టినాడు.

మూడో మాట కాడ నాకే నోరు రానేదు.
నా ఇంటి పునాది ఆ కొండ రాయే.
నా తిరగలీ ఆ రాయే.
మా మావ సీకటితో ఎల్లి సీకటితో ఒచ్చి
సమ్మెట దెబ్బకొక మూలుగు మూలిగి
దినానికి ఒక బండెడు దించీవోడు.
మా మరిది కొడుకు డిల్లేసు
కంపెనీ లారీ తోలతానని లైసెన్సు తీయించీసినాడు.
నిన్న రాతిరి కంచం కాడ అన్నాడు గదా,
"పెద్దమ్మా, మీరు తిన్న కొండే గదా,
నా వంతుకొచ్చేసరికి దేవుడైపోనాదా?"
ముద్ద నోటి దాకా ఎల్లనేదు.

రైటరు కలం ఆపీసి
"ఇది రాయొద్దు, కేసు పల్చబడిపోతాది" అన్నాడు.
రాయి, అన్నాను.
మా మావ నలభై ఏళ్లు తవ్విన గుంతలో
వానొస్తే రెండు మేకలు నిలబడతాయి, మూడోది తడుస్తాది.
ఈళ్ల మిషను పొద్దున్నొచ్చిందంటే
సద్దన్నం ఏళకి ఆ గుంత దాటీస్తాది.
తినడం వేరు, మింగీడం వేరు.
అది రాయి.

"దానికి ఆఫీసు మాట నేదమ్మా"
అన్నాడు రైటరు, నిజంగానే ఎతికి.
ఎందుకో అప్పుడు అతగాడు కూడా
మా మాటలోకి దిగిపోనాడు.

ఇంకేటైనా ఉందా?
ఉంది. నా గేదె సూడిది.
పేల్చే ముందర ఈలేస్తారట,
మడుసులు పారిపోడానికి.
పలుపుకి కట్టున్నదానికి
ఈల ఏటి బోధపడతాది?

రెండు గీతల జాగా ఖాళీగా ఒగ్గీసి
కింద నా ఏలిముద్ర ఏయించినాడు.
రాతకి ఏభై, నకళ్లకి ముప్పై.
లోపల గుమస్తా సీలు కొట్టిచ్చిన సీటీలో
నా పేరుండాల్సిన కాడ
"తూర్పు హద్దుదారు" అనుందట.

బయట డిల్లేసు బండి మీదున్నాడు.
ఏటయ్యిందని ఆడడగనేదు, నాను సెప్పనేదు.
"కాళ్లు జాగర్త, సైలెన్సరు ఏడిగుంటాది" అన్నాడంతే.
నాలుగైపోనాది.
ఈపాటికి నీడ నాకంటే ముందే
కల్లానికి సేరిపోయుంటాది.