సెషన్ ముగిసింది

గ్రాఫులో అతనొక చుక్క.
నాలుగో తెర దగ్గర వదిలిపోయినవాళ్ళు
నూటికి పదకొండు మంది,
ఎర్ర గీత కిందికి వంగిన చోట
ఎక్కడో అతనూ.
సోమవారం మీటింగులో నేనే అన్నాను:
పదకొండంటే పర్లేదు, ముందుకు పోదాం.

ఆ చుక్కది తవణంపల్లె పక్కన పల్లె.
పేరు చెంగల్రాయులు.
చుక్క వెనక ఒక ట్రాక్టరు,
ట్రాక్టరు వెనక ట్రాలీలో
నాలుగు టన్నుల తోతాపురి,
కోతకూలి అప్పటికే చెల్లించేసిన కాయ.

చిత్తూరు బయట, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు,
టోకెను కోసం రాత్రంతా
బండి కింద గోనెపట్ట పరుచుకుని
ఎవరూ పడుకోకూడదని కట్టిన యాప్ మాది.
తిరుపతిలో, రేణిగుంట రోడ్డులో, మూడో అంతస్తులో కట్టాం.
కడిగిన వేళ్ళతో కట్టాం.

సొన అంటిన బొటనవేలిని
అద్దం వేలుగా ఒప్పుకోదని
మాలో ఎవరికీ తెలీదు.
అతను నొక్కాడు.
పంచెకు తుడుచుకుని నొక్కాడు.
చూపుడువేలు ఉమ్మితో తడిపి నొక్కాడు.
ఓటీపీ వచ్చింది,
సీటు కింద కళ్ళజోడు దొరికేలోగా
దాని ఆయుష్షు తీరింది.
అప్పుడు ఫోను
మేం డబ్బిచ్చి చదివించుకున్న మెత్తటి గొంతుతో అంది:
క్షమించండి, మీ సెషన్ ముగిసింది.

అతనికి వినబడింది,
సీజన్ ముగిసింది.

ఫ్యాక్టరీ కొనడం ఆపేసిందనుకున్నాడు.
ఎవర్నీ అడగలేదు.
ఫోనే చెప్పాక ఇంకెవర్నడగాలి?
ముందూ వెనకా ఇరుక్కున్న బండ్లను బతిమాలి
ట్రాక్టరు తిప్పుకున్నాడు.
మూడోనాటికి కాయ మెత్తబడింది.
ఐదోనాటికి వంక గట్టున పోసి వచ్చాడు.

నేను వెళ్ళి నిలబడింది ఆ గట్టు మీదే.
పులిసిన తీపి వాసన. ఈగలు.
నా చెప్పుల కింద జారుతున్న పసుపు.
ఏం మాట్లాడాలో ముందే రాసుకుని వెళ్ళాను,
కాగితం తీయలేదు.
"మీదేముంది తప్పు," అన్నాడు చెంగల్రాయులు,
"నా చెవుదే తప్పుమా."

పద్దెనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను.
ఇంతకన్నా పెద్ద తిట్టు తినలేదు.

తనే నన్ను గేటు దగ్గరికి తీసుకుపోయాడు,
మిగిలిన అర ట్రాలీ కాయతో.
మా యాప్ ఆ రాత్రి కూడా తిరుగుతూనే ఉంది,
చిన్న నీలం చక్రం, తిరిగి, తిరిగి.
వాచ్‌మన్ మస్తాన్ సుద్దముక్క తీశాడు.
ట్రాలీ చెక్క మీద జానెడు ఎత్తున రాశాడు: 63.
చీకట్లో ఇరవై గజాల నుంచి కనబడింది.
తప్పు రాస్తే అరచేత్తో తుడిచేస్తాడు,
క్షమించండి అనడు.
వాన పడితే పోతుంది కదా అన్నాను.
"పడితే మళ్ళీ రాస్తాను మేడం.
నేను ఈడనే ఉంటా కదా."

ఈడనే ఉండటం.
మా పద్నాలుగు తెరల్లో
ఏ తెర మీదా లేనిది అదే.

ఆఫీసులో ఇంతియాజ్ అడిగాడు:
మరి ఆ చోట ఏమని రాద్దాం?
ఇంగ్లీషులో ఏడు మాటలు చూపించాడు,
ఏడూ అందంగా ఉన్నాయి.
నేను చెంగల్రాయులికి ఫోన్ చేశాను.
అవతల బోరు మోటారు చప్పుడు. కొంచెం దగ్గు.
"ఏముందిమా దానికి...
ఉండు పెద్దాయనా, మళ్ళా తట్టు, అను.
తలుపు తట్టమన్నట్టు."

అదే పెట్టాం.
సొన వేలికి అరచేయంత బటను పెట్టాం.
ఓటీపీని తీసిపారేయడానికి
మా సెక్యూరిటీవాళ్ళతో రెండు వారాలు పోట్లాడి
సగం ఓడిపోయాను.

గీత ఇప్పుడు నూటికి ఆరు దగ్గరుంది.
అందరూ చప్పట్లు కొట్టారు.
నాకు ఆ ఆరు దగ్గర
పులిసిన తీపి వాసన వస్తోంది.
ఏసీ గదిలో,
కిటికీలన్నీ మూసే ఉన్నాయి.