ఐదు కప్పులు

ఆ జూన్‌లో పెరంబూరుకి
లారీ నీళ్ళు రోజు మార్చి రోజు.
వాషింగ్ మెషిన్ కక్కిన నీళ్ళని బకెట్లో పట్టి
బాల్కనీలో కరివేపాకుకి పోసేదాన్ని.
పొదుపనుకున్నాను.
మట్టిమీద తెల్లగా పొర కడుతుంటే
చూసీ ఊరుకున్నాను.

మా ఇందుజకి అప్పుడే బడిలో ప్రాజెక్టు.
కిటికీ గట్టున ఐదు పెరుగు కప్పులు,
కప్పుకి పది మెంతిగింజలు.
ఒకదానికి మంచినీళ్ళు,
ఒకదానికి సబ్బుపొడి, ఒకదానికి ఉప్పు,
ఒకదానికి బ్లీచింగు,
చివరిదానికి ఫినాయిలు.
చెంచాడుకే ఇల్లంతా ఆసుపత్రి.

మూడోరోజు సబ్బుపొడి కప్పు
అందరికన్నా ముందు లేచింది.
"అమ్మా, ఇదే ఫస్టు!"
పదోరోజుకి ఆకుల అంచులు కాలి
ఆ ఫస్టొచ్చిందే ముందు తల వాల్చింది.
బ్లీచింగు గింజలు తెల్లబడ్డాయి
ఉతికి ఉతికి వెలిసిన చొక్కా గుండీల్లా.
ఉప్పులోవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.
నీళ్ళలోనే కూర్చుని
గుక్కెడు తాగలేకపోయాయి.
స్కేలు పెట్టి, పట్టికలో రాసింది:
ఉప్పు, సున్నా మిల్లీమీటర్లు. చనిపోయినవి.

గచ్చు తుడుస్తున్న రవణమ్మ ఆగి చూసింది.
వాళ్ళ తాతలది నెల్లూరు వైపు.
ఆమె తెలుగు తమిళంలో నానిన తెలుగు.
"ఏం పాపా, నువ్వే చంపి
నువ్వే లెక్క రాస్తావా?"
నవ్వుతూనే పట్టిక పక్కన చేతులు పరిచింది.
పదేళ్ళు, రోజుకి పద్నాలుగు బాత్రూములు.
వేళ్ళ కొసలు
ఏటి రాళ్ళలా నున్నగా.
రేషన్ కొట్లో మిషన్ వేలు పెట్టమంటుందట,
పెడితే ఎవరో తెలీదంటుందట.
"నా బియ్యం నాకిచ్చేదానికి
నేను నేనేనని ఒప్పుకోదు పాపా."
ఇందుజ స్కేలు పట్టుకుని
చాలాసేపు అలాగే నిలబడింది.

ఆడి నెలలో చెల్లెలి కాన్పుకని
ఆమె గూడూరు వెళ్ళింది.
ఇల్లు మేమే తుడుచుకున్నాం.
మూడురోజులకే నా గోళ్ళ చుట్టూ మంట.
ఎవరికీ చెప్పలేదు.

ప్రాజెక్టుకి పదికి తొమ్మిది వచ్చాయి,
ఎండిన కప్పులు బాల్కనీ మూలకి చేరాయి.
ఆగస్టులో ఒక రాత్రి
ఎవరూ పిలవని వాన.
రెండురోజులు కప్పులు నిండి, పొర్లి, మళ్ళీ నిండాయి.
కరివేపాకు మట్టి నల్లగా బయటపడింది.
ఐదోనాటికి
ఉప్పు కప్పులో రెండు తలలు.
బ్లీచింగులో ఏమీ లేదు.
వంగి చూసినా, వేలితో కెలికి చూసినా
ఏమీ లేదు.

"చనిపోయినవి" కొట్టేసి
పైన "ఆగినవి" అని రాసింది ఇందుజ,
టీచరు మళ్ళీ తెరవని ఆ పుస్తకంలో.

నలభై రోజులకి రవణమ్మ వచ్చింది,
ఒంటినిండా పసిబిడ్డ నూనె వాసనతో.
దారిలోనే రేషన్ కొట్టుకి వెళ్ళిందట,
మొదటి ఒత్తుకే మిషన్ ఒప్పుకుందట.
వేలెత్తి చూపించింది.
సన్నటి గీతలు,
కొత్తాకు ఈనెల్లా.

తొడుగులు కొని పెట్టాను.
"జారతాయమ్మా" అని
కిటికీ కొక్కేనికి తగిలించింది.

సోమవారం.
బాత్రూములో డబ్బా మూత తిరిగిన చప్పుడు.
ఎంత పోస్తున్నావని అడుగుదామని లేచాను.
ఎంత పొయ్యాలో
మొదటిరోజు చెప్పింది నేనే.