పదిహేడో మెట్టు

పో నది మంచు కొట్టం లోపలికొచ్చి
ఆవుల వీపుల మీద కూర్చుంటుంది.
రెండుంపావు.
చన్నీళ్ల స్నానం అయింది, జుట్టుకి దువ్వెన అయింది.
కొత్త కచ్ఛాలో ఒక కాలు పెట్టేదాకా
పాతదాన్లోంచి రెండోకాలు తియ్యను,
మాట లేని మనిషిగా ఒక్క క్షణమూ నిలబడకూడదని.
ఈ కుంటి గెంతులు చూసి నా కూతురు హర్నూర్
ఒకసారి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

నూట ఎనభై ఆవులు.
కిర్పాన్ పాల గొట్టాలకి తగలకుండా చొక్కా లోపలికి తోసి
పొదుగు తుడిచి, గొట్టం తగిలించి,
ఆవుకో మెట్టు చొప్పున జపుజీ ఎక్కుతాను.
పదిహేడూ పద్దెనిమిదీ ఒకే మాటతో మొదలవుతాయి.
నిద్రకళ్లతో ఎక్కితే
భక్తుల లెక్కలోంచి దొంగల లెక్కలోకి
జారిపోతాను.

పోయిన ఏడు, ఒకప్పటి జున్ను గిడ్డంగిలో
ఐదుగురు, ఇనప గిన్నె చుట్టూ.
ఖండా తిరుగుతుంటే బతాసాలు కరిగాయి.
దోసిట్లో ఐదుసార్లు, కళ్ల మీద ఐదుసార్లు,
తల మీద ఐదుసార్లు.
మిగిలింది అందరం ఒకే గిన్నెలో, ఒకరి తర్వాత ఒకరం.

నా పక్కన జోరావర్.
వాళ్ల బావి దగ్గర మా నాన్నకి
టీ గ్లాసు వేరే ఉండేది,
కిక్కర కొమ్మకి బోర్లించి.
తాగి, తనే కడిగి, మళ్లీ అక్కడే బోర్లించాలి.

గిన్నె నా పెదాలు దాటి అతని దగ్గరికెళ్లింది.
నేను గిన్నెని చూడలేదు,
అతని గొంతు చూశాను.
మింగాడు.
గిన్నె తిరిగొచ్చింది. ఇప్పుడు నా వంతు.
అతని ఎంగిలి నాకేమైనా సులువుగా దిగిందనుకున్నారా?

ఇప్పుడు అవతలి వరసలో పాలు పిండేది అతనే.
నేను పదిహేడులో తడబడితే
ఆవుల పొట్టల కిందనుంచి
తలెత్తకుండానే తర్వాతి మాట అందిస్తాడు.
గ్లాసు సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇవాళ తప్పింది అతను.
పద్దెనిమిదిలో, జులుం చేసి ఏలినవాళ్ల వరస దగ్గర
ఆగిపోయాడు.
ఆ మాట నా నాలుక చివరే ఉంది.
కాసేపు అందించలేదు.
గొట్టాల్లో పాలు పరుగెడుతున్న చప్పుడు విన్నాను,
ఒక ఆవు గొలుసు విదిలించడం విన్నాను.

తర్వాత అందించాను.