నలభై ఒకటో జాడ

చినవాల్తేరులో, ల్యాబు కింది అంతస్తులో
రాత్రి పన్నెండు దాటాకే నా పని.
పగలైతే బీచ్ రోడ్డు మీద ఒక్క లారీ చాలు
ఫోకస్ వణికిపోతుంది.

ఏసీ పద్దెనిమిది. నల్ల తెర.
కటకం మీద ఒక్క చుక్క నూనె.
లేజర్ వెలిగించి, ఊపిరి బిగబట్టి
ఒకే ఒక్క అణువు కోసం కూర్చుంటాను.
దాని వీపున నేనే అతికించిన రంగు
కేంద్రకం అంచున తచ్చాడుతూ ఉంటుంది,
ఎవరింటికొచ్చిందో మరిచిపోయినట్టు.

అక్కడ వేల వాకిళ్ళు. తలుపుల్లేవు, గొళ్ళేల్లేవు.
దువ్వని జుట్టులాంటి పోగులు అడ్డం.
చిన్నవి దూరిపోతాయి. పెద్దవాటికి
చెయ్యి పట్టి నడిపించే తోడుండాలి.

వాచ్‌మన్ పరదేశి టీ తెచ్చి తెరకి ఈవలే నిలబడతాడు.
పోర్టులో పైలట్ పడవ మీద
ముప్ఫై ఏళ్ళు తాడు విసిరిన చేతులు.
"ఎల్లినాదా అమ్మా లోపలికి?"
"లేదు. గుమ్మందాకా వచ్చి తిరిగిపోయింది."
"ఎంతసేపున్నాది గుమ్మంలో?"
సెకనుని వెయ్యి ముక్కలు చేస్తే అయిదు, అన్నాను.
నవ్వలేదు. మనసులో ఏదో కొలుచుకున్నాడు.

"మా ఓడలూ అంతేనమ్మా. బయట లంగరేసుకునుంటాయి.
పైలట్ తాడు నిచ్చెనెక్కాల. డాల్ఫిన్స్ నోస్ పక్కనించి
ఆయనే లోపలికి తెత్తాడు.
కట్టీసినాక దిగిపోయి ఇంకో ఓడకి పోతాడు."

నాలుగేళ్ళుగా నేను గ్రాఫుల్లో గీస్తున్నది
టీ మీద మీగడ కట్టేలోపు చెప్పేశాడు.
ఒక్కటే కుదరలేదు.
"చెయ్యి పట్టుకున్నాక కూడా
సగానికి సగం వెనక్కొచ్చేస్తాయి పరదేశి గారూ."
"ఎందుకేటి?"
గ్లాసు చేతులు మార్చుకున్నాను.
థీసిస్‌లో ఆ అధ్యాయం ఇంకా రాయలేదు.

మూడూ పది. నలభై ఒకటో జాడ.
అంచు తాకింది. పోగుల్లోకి దిగింది.
ఒక ఫ్రేము, రెండు, మూడు,
నట్టనడుమ ఆగి
ఆరిపోయింది.

కాలిపోయింది రంగే.
అణువు ఏదో ఒక వైపు పోయే ఉంటుంది,
తన పని మీద తాను.

సగంలో తెగిన జాడలు తీసెయ్యమంటారు ఇందుమతి మేడం.
లెక్క పాడవుతుందట. నిజమే, పాడవుతుంది.

తెల్లారగట్ల రోడ్డు దాటి ఇసుకలో నించున్నాను.
బయటి లంగరులో దీపాలు పదకొండు.
తూర్పు తెలుపెక్కుతుంటే తొమ్మిది, ఆరు...
తర్వాత లెక్కపెట్టలేదు.

గేటు దగ్గర తాళాల గుత్తితో పరదేశి:
"ఎల్లినాదా?"

నోటుబుక్కులో రెండు గడులు: లోపలికి, వెనక్కి.
నలభై ఒకటికి ఎదురుగా
రెండూ ఖాళీగా ఉంచి
అంకె మాత్రం సిరాతో దిద్దాను.